ప్రాజెక్టు మేనేజర్ కావాలంటే.. ముందు పని, ఆ తర్వాతే సర్టిఫికెట్

కొన్నేళ్లు టెస్టింగ్‌లోనో, సైట్ ఇంజినీరుగానో, సపోర్ట్ డెస్క్‌లోనో పనిచేశాక చాలామందికి ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ మీదికి మనసు మళ్లుతుంది. వెంటనే ఏదో ఒక కోర్సుకు ఫీజు కట్టేస్తారు. వరస తారుమారయ్యేది ఇక్కడే. ఈ రంగంలో బాగా పేరున్న పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) పరీక్షనే తీసుకోండి. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు అది రాయాలంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపించిన అనుభవంతో పాటు 35 గంటల శిక్షణ ఉండాలి. అంటే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థే ముందు పని చేసి రమ్మంటోంది. అయితే ఆ అనుభవానికి మేనేజర్ హోదా తప్పనిసరి కాదు. బాధ్యత తీసుకుని నడిపించిన పనే లెక్కలోకి వస్తుంది. కాబట్టి తొలి మెట్టు మీ ప్రస్తుత ఉద్యోగంలోనే ఉంది.

అసలు ఈ ఉద్యోగం ఏమిటి?

ప్రాజెక్టుకు మొదలూ ముగింపూ ఉంటాయి. రోజూ వచ్చే ఫిర్యాదులు పరిష్కరించడం ప్రాజెక్టు కాదు. ఆ ఫిర్యాదుల కోసం కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి, సిబ్బందికి నేర్పి, పాతదాన్ని ఆపేయడం ప్రాజెక్టు. ఏం చేయాలి, ఎప్పటికి, ఎంత ఖర్చులో అన్నవాటికి జవాబుదారీ మేనేజరే. పని చేసేవాళ్లు మాత్రం వేరు, వాళ్లలో చాలామంది ఆ మేనేజరు కింద ఉండరు కూడా.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక యాప్‌లో చెల్లింపుల సదుపాయం పెట్టాలి. డిజైన్‌కు వారం, కోడింగ్‌కు రెండు వారాలు పడతాయి. వాటితో పాటే నడిచే బ్యాంకు అనుమతికి నాలుగు వారాలు. కోడింగ్, అనుమతి రెండూ పూర్తయ్యాక టెస్టింగ్‌కు మరో వారం. మొత్తం అయిదు వారాలు. కోడింగ్ మూడు రోజులు ఆలస్యమైనా గడువు కదలదు. బ్యాంకుకు దరఖాస్తు మూడు రోజులు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం మూడు రోజులు జరుగుతుంది. అందరి కళ్లూ కోడింగ్ మీద ఉన్నప్పుడు మొదటి రోజే ఆ దరఖాస్తు పంపించేవారే మంచి మేనేజరు. గడువును నిర్ణయించే ఇలాంటి పనుల వరుసనే క్రిటికల్ పాత్ అంటారు. 1950ల చివర్లో పుట్టిన ఈ పద్ధతి నేటికీ షెడ్యూళ్లకు ఆధారం.

ఎవరి బలం ఏది, లోటు ఏది?

టెస్టర్లకు పని ఎక్కడ చెడుతుందో ముందే తెలుస్తుంది. వీళ్లు నేర్చుకోవాల్సింది బడ్జెట్, క్లయింటుతో మాట్లాడే తీరు. సైట్ ఇంజినీర్లకు సబ్ కాంట్రాక్టర్లు, మెటీరియల్, బిల్లుల వ్యవహారం కొట్టిన పిండి. ప్రిమవేరా సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూలు వేయడం, మాటతో జరిగిన ఒప్పందాలను కాగితం మీద పెట్టడం అలవరచుకుంటే ప్లానింగ్ ఇంజినీరుగా దారి దొరుకుతుంది. బీపీఓ టీమ్ లీడ్లకు మనుషులతో పనిచేయించడం వచ్చు. కొత్త ప్రాసెస్‌ను తమ కేంద్రానికి తెచ్చే పనిలో చేరితే, మొదలూ ముగింపూ ఉన్న పని అనుభవం వారికీ దక్కుతుంది.

ఉన్నచోటే మొదలుపెట్టండి

ఎవరూ ముట్టుకోని చిన్న పని ఒకటి అడిగి తీసుకోండి. ఒక రిలీజ్, ఆఫీసు మార్పు, ఆడిట్‌కు సిద్ధం చేయడం, ఏదైనా సరే. మీటింగ్ అయ్యాక ఎవరు, ఏ పని, ఏ తేదీకి చేయాలో రాసి అందరికీ పంపండి. ఎదురయ్యే ముప్పులను, వాటిని చూసుకోవాల్సిన వ్యక్తి పేరును ఎక్సెల్‌లో పెట్టండి. వారానికో పేజీ స్టేటస్ రిపోర్టు ఇవ్వండి. అందులో చెడు వార్త పైనే ఉండాలి. ప్రాజెక్టు పేరు, తేదీలు, మీ పాత్ర, ధ్రువీకరించగల పై అధికారి పేరు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుంటే రేపు పీఎంపీ దరఖాస్తుకు పనికొస్తాయి. కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కు ఎంపిక చేస్తారు కాబట్టి లేని అనుభవం రాయడం ప్రమాదం.

ఏ సర్టిఫికెట్ ఎప్పుడు?

అనుభవం లేని విద్యార్థులకు, కొత్తవారికి సీఏపీఎం ఉంది. దానికి ఇంటర్ స్థాయి చదువు, 23 గంటల శిక్షణ చాలు. సాఫ్ట్‌వేర్‌లో స్క్రమ్ పద్ధతిలో పనిచేసే టీములకు తోడ్పడే స్క్రమ్ మాస్టర్ ఉద్యోగం వైపు వెళ్లేవారు ముందు స్క్రమ్ గైడ్ చదవాలి. కొద్ది పేజీల ఆ పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం. స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ అయిన పీఎస్ఎం-1 పరీక్షకు తరగతులకు వెళ్లాలన్న నిబంధన కూడా లేదు. బ్రిటన్ క్లయింట్లున్న కంపెనీల్లో ప్రిన్స్2 సర్టిఫికెట్ పనికొస్తుంది. 36 నెలలు నిండాకే పీఎంపీ. అది తెచ్చుకున్నాక ప్రతి మూడేళ్లకూ రెన్యువల్ చేయించుకోవాలి.

ఇంటర్వ్యూలో

రెజ్యూమెలో 'టెస్టింగ్ చేశాను' అని వదిలేయకండి. ఎన్ని టీముల మధ్య సమన్వయం చేశారు, గడువు ఎందుకు తప్పబోయింది, దాన్ని ఎలా నిలబెట్టారు అన్నది రాయండి. 'పని మధ్యలో క్లయింటు కొత్త ఫీచర్ అడిగితే ఏం చేస్తారు?' అన్న ప్రశ్న తరచూ వస్తుంది. సరేనని తలూపినా, కుదరదని తేల్చేసినా మార్కులు పడవు. దానివల్ల గడువు, ఖర్చు ఎంత మారతాయో లెక్కగట్టి, రాతపూర్వకంగా ఆమోదం తీసుకున్నాకే మొదలుపెడతాననాలి.

దిగే ముందు

తొలి పోస్టు సాధారణంగా ప్రాజెక్టు కోఆర్డినేటర్ లేదా పీఎంఓ (ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఆఫీసు) అనలిస్టు. మొదట్లో జీతం పెద్దగా పెరగకపోవచ్చు. బయట ప్రయత్నించే ముందు మీ కంపెనీలోనే అడగండి. మీ పనితీరు తెలిసినవాళ్లు అవకాశం ఇవ్వడం తేలిక. కోడింగ్‌లో, డిజైన్‌లో లీనమైపోవడం ఇష్టమైతే మాత్రం ఆలోచించుకోండి. ఈ ఉద్యోగంలో రోజులో ఎక్కువ భాగం మాట్లాడటం, గుర్తుచేయడం, రాయడంతోనే గడుస్తుంది. ఆరు నెలలు ఒక చిన్న ప్రాజెక్టు నడిపి చూడండి. ఆ పని మీకు నచ్చితేనే కోర్సు ఫీజు కట్టండి.