రెండేళ్ల కష్టం, జీవితాంతం సుఖం అనే భ్రమ

ఇంటర్మీడియెట్‌లో చేరే పిల్లలకు తెలుగు ఇళ్లలో తప్పనిసరిగా అందే హామీ ఒకటుంది: ఈ రెండేళ్లు కష్టపడితే చాలు, ఆ తరువాత జీవితమంతా హాయిగా గడిచిపోతుందని. అప్పు చేసి ఫీజు కట్టే తండ్రీ, పండగకు ఇంటికి రాకపోయినా ఫరవాలేదని నచ్చజెప్పే తల్లీ ఈ మాటను మనస్ఫూర్తిగానే నమ్ముతారు. ఒక తరం కిందట దానికి కొంత ఆధారం కూడా ఉండేది. బ్యాంకులోనో, ప్రభుత్వ కార్యాలయంలోనో ఒకసారి కుదురుకున్నవారు ఇరవై ఏళ్ల వయసుకు నేర్చుకున్న విద్యతోనే పదవీ విరమణ దాకా నెట్టుకురాగలిగారు. లెడ్జర్ల స్థానంలో కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆ బ్యాంకు ఉద్యోగులే నడివయసులో కొత్తగా నేర్చుకోవలసి వచ్చిందన్న సంగతి మాత్రం ఆ హామీ ఇచ్చేవారికి గుర్తుండటం లేదు.

బడి, పట్టా, ఉద్యోగం అనే హద్దులతో నిమిత్తం లేకుండా, అవసరాన్నీ ఆసక్తినీ బట్టి మనిషి బతికినన్నాళ్లూ నేర్చుకుంటూ ఉండటాన్ని విద్యావేత్తలు జీవితకాల అభ్యసనం అంటారు. యునెస్కో కోసం ఎడ్గార్ ఫోర్ అధ్యక్షతన సిద్ధమైన 1972 నాటి నివేదిక ఈ భావనకు ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చింది. భారత ప్రభుత్వపు 2020 జాతీయ విద్యా విధానం సైతం దీనికి ఒక అధ్యాయం కేటాయించింది. అయితే విధాన పత్రాలతో ఈ అలవాటు పుట్టదు. తనకేమి తెలియదో గుర్తించడం, తగిన పుస్తకాన్నో మనిషినో వెతుక్కోవడం, ఎవరూ పరీక్ష పెట్టకపోయినా దానితో కుస్తీ పట్టడం అనే స్వయం అభ్యసన శక్తి ముందుగా ఉండాలి. అది బలపడవలసిన పదహారు, పదిహేడేళ్ల వయసులోనే తెలుగు రాష్ట్రాల రెసిడెన్షియల్ కళాశాలలు దానిని అణిచివేస్తున్నాయి.

తెల్లవారకముందే మొదలై రాత్రి పది దాటేదాకా సాగే స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకును బట్టి మారే సెక్షన్ల మధ్య విద్యార్థికి తనదంటూ ఒక గంట మిగలదు. భౌతిక శాస్త్రంలో ఒక బిట్టు, అంటే నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే ప్రశ్న, అతడి ముందు ఉందనుకుందాం. ప్రశ్న కాలాన్ని అడిగితే, ప్రమాణాలు సరిచూసి, సెకన్లు రాని జవాబులను కొట్టివేసి, మిగిలినదాన్ని గుర్తించడం అతడికి నేర్పుతారు. ఆ ఉపాయం తప్పు కాదు, నిజానికి అది చక్కని శాస్త్రీయ పద్ధతి. కానీ లోలకం పొడవు పెరిగితే ఊగే కాలం ఎందుకు పెరుగుతుందని అడిగిన పిల్లవాడికి అది పరీక్షలో రాదన్న జవాబు దొరికితే, అతడు మరోసారి అడగడు. ప్రాక్టికల్ రికార్డు సీనియర్ల పుస్తకం చూసి రాసుకోవడమే ప్రయోగమైన చోట, దారానికి రాయి కట్టి తానే ఊపి చూడవచ్చన్న ఆలోచన కూడా తట్టదు. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఈ శిక్షను ఆరో తరగతికే తీసుకురావడం పిల్లల పట్ల జరుగుతున్న అన్యాయం. అందుకు తల్లిదండ్రులే డబ్బు కడుతుండటం మరింత బాధాకరం.

ఈ నష్టం ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో బయటపడుతుంది. ఒక కొత్త సాఫ్ట్‌వేర్ గురించి దాని తయారీదారులే ఉచితంగా ఇచ్చే వివరణ పత్రాన్ని చదివి అర్థం చేసుకోలేని పట్టభద్రుడు మళ్లీ కోచింగ్ కోసం హైదరాబాద్‌లోని అమీర్‌పేట దారి పడతాడు. 1990ల చివరలో అక్కడ కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి యువకులు బారులు తీరారు. సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే నమోదు చేసిన పాత కోబాల్ ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయన్న వైటూకే సమస్యే అందుకు కారణం. ఆ గండం గడిచాక జావా, టెస్టింగ్, డేటా సైన్స్ అంటూ బోర్డులు మారుతూ వచ్చాయి, ఇప్పుడు కృత్రిమ మేధ వంతు వచ్చింది. ప్రోగ్రామింగ్ తర్కం పట్టుబడినవారికి కోబాల్ నుంచి జావాకు మారడం కొన్ని నెలల పని అయితే, కమాండ్లను మాత్రమే బట్టీ పట్టినవారికి ప్రతి బోర్డు మార్పూ ఒక కొత్త ఫీజు.

నేర్చుకోవాలన్న తపన కన్నా వెనకబడిపోతామన్న భయమే ఎక్కువగా అమ్ముడుపోతున్న ఈ బజారులో అత్యంత ప్రమాదకరమైనది జాబ్ గ్యారంటీ అనే మాట. ఫీజును సులభ వాయిదాల్లో కట్టవచ్చన్నప్పుడు, చాలా సందర్భాల్లో విద్యార్థి సంతకం చేసేది ఒక రుణ సంస్థతో చేసుకునే అప్పు ఒప్పందం మీద. కోర్సు నచ్చక మధ్యలో మానినా, శిక్షణ సంస్థ మూతపడినా, ఆ అప్పు దానంతటది రద్దు కాదు. ఖాతా నుంచి వాయిదా సొమ్ము దానంతటదే కోత పడే ఏర్పాటుకు సమ్మతించవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. డిపాజిట్ తీసుకుని ఇప్పించే దొడ్డిదారి ఉద్యోగాలూ, దొంగ అనుభవ ధ్రువపత్రాలూ ఇంకా హీనమైనవి. కంపెనీ పూర్వాపరాలు విచారించిన రోజున శిక్ష అనుభవించేది ఆ పత్రం అమ్మినవారు కాదు, కొన్న యువకుడే.

నేర్చుకోవడమంటే ఏమిటో ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. పోచంపల్లి తరహా చీరలకు రంగులద్దేముందు నూలును మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు; ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించవలసిన ఈ పని వల్ల ఆయన తల్లి లక్ష్మికి భుజం నొప్పి పట్టుకుంది. ఆరో తరగతితో బడి మానిన మల్లేశం 1992లో ఆసు యంత్రం తయారీకి పూనుకుని, బతుకుతెరువుకు హైదరాబాద్‌లో పని చేసుకుంటూనే 1999లో దానిని పూర్తి చేశారు. ఏ సిలబస్సూ లేకుండా, ఎక్కడ ఆగిపోతే అక్కడ కావలసినది తెలుసుకుంటూ సాగిన ఆ కృషికి 2017లో పద్మశ్రీ లభించింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, 1930లో హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొంది, నలభై ఐదో ఏట ఔషధ పరిశ్రమలో అడుగుపెట్టారు. ఆయన ముఖ్యమైన ఔషధ పరిశోధనలన్నీ ఆ తరువాతివే.

ఖరీదైన కోర్సుకు సంతకం చేసేముందు పరిశీలించదగిన చవకైన మార్గాలు ఉన్నాయి. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్‌లోనూ, 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ వేదిక స్వయంలోనూ పాఠాలు ఉచితం. ఎన్‌పీటెల్ కోర్సులకు వయోపరిమితి గానీ, ప్రవేశ అర్హత గానీ లేదు. విశ్వవిద్యాలయం అంగీకరిస్తే స్వయం కోర్సుల క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తికి లెక్కించే చదువు ప్రమాణాలు, సెమిస్టరులో 40 శాతం వరకు జమ అవుతాయి. ఉద్యోగం చేస్తూ డిగ్రీ కావాలనుకునేవారికి, దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో వెలసిన, హైదరాబాద్‌లోని నేటి డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. చేతిపని మీద మనసున్న యువతకు స్టైపెండ్‌తో కూడిన అప్రెంటిస్‌షిప్ ఏ నాలుగు గోడల శిక్షణ కన్నా మేలు. అది చిన్నతనమని భావించే తల్లిదండ్రులు ఒక్కసారి ఆ కర్మాగారానికి వెళ్లి చూడాలి.

ఎన్‌పీటెల్ కోర్సులు ఎక్కువగా జనవరిలోనూ, జులైలోనూ మొదలవుతాయి. కామర్స్ విద్యార్థి గణాంక శాస్త్రాన్నో, సివిల్ ఇంజినీరు ఆర్థిక శాస్త్రాన్నో, అంటే తన ర్యాంకుతో సంబంధం లేని ఒక విషయాన్ని ఎంచుకుని, మొదటి కొన్ని వారాలు పైసా కట్టకుండా అసైన్‌మెంట్లు రాసుకుంటూ పోవచ్చు. ఆసక్తి నిలిచిందనుకుంటేనే ధ్రువపత్రం కోసం పరీక్ష రుసుము కట్టాలి, నిలవకపోతే మరో విషయానికి మారాలి. ఆ వారాల్లో ఇంట్లోవారు చేయవలసిన సాయం ఒక్కటే, మార్కులెన్ని వచ్చాయని అడగకపోవడం.