బండి ఆగినప్పుడు ఎడమ కాలు ఎక్కడ ఉండాలి?



ఈసారి సంచికలో డ్రైవింగ్ మీద ఒక పాఠం ఇస్తున్నాం. జకాత్, చందాల మధ్య క్లచ్ గొడవ ఎందుకని అనుకోవచ్చు. మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు స్టీరింగే బతుకుతెరువు. సిమెంటు లారీ, టాక్సీ, స్కూలు బస్సు, ట్రాలీ ఏది నడిపినా, బండి షెడ్డులో ఉన్న రోజు ఇంట్లో రాబడి ఉండదు. దాతల సొమ్ముతో రోగులను విజయవాడ ఆసుపత్రులకు చేర్చే బండ్ల సంగతీ ఇంతే. ఇంజను బాగానే ఉన్నా, క్లచ్ పోతే బండి కదలదు. క్లచ్ ఎన్నాళ్లు మన్నుతుందనేది బండి పరుగెత్తేటప్పటికన్నా ఆగినప్పుడు, కదిలేటప్పుడు డ్రైవరు ఏం చేస్తాడన్న దానిమీదే ఎక్కువ ఆధారపడుతుంది.

లోపల జరిగేది

ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం ఒకసారి తిరగాలి, ఒకసారి ఆగాలి. ఈ రెంటినీ కలిపి, విడదీసేదే క్లచ్. ఇంజను వైపు ఫ్లైవీల్, ఇవతల ప్రెషర్ ప్లేటు ఉంటాయి. ఈ రెంటి నడుమ క్లచ్ ప్లేటు, రెండు పళ్లేల మధ్య నొక్కిపెట్టిన రొట్టెలాగా ఉంటుంది. నొక్కిపెట్టేది బలమైన స్ప్రింగు. మనం పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్లి ఆ స్ప్రింగును నెడుతుంది. పట్టు వదిలి ప్లేటు విడిపోతుంది.

పెడల్ మూడు స్థితుల్లో ఉంటుంది.

పూర్తిగా వదిలేస్తే ప్లేటు గట్టిగా పట్టుకుని ఉంటుంది. జారడం లేదు కాబట్టి అరుగుదల లేదు.

పూర్తిగా తొక్కితే ప్లేటు విడిపోయి ఉంటుంది. ఇప్పుడూ ప్లేటు అరగదు. కానీ రిలీజ్ బేరింగ్ మీద స్ప్రింగు బరువంతా పడుతుంది. ఆగి ఉన్న ఇంజను నిమిషానికి సుమారు 800 సార్లు తిరుగుతుంది అనుకుందాం. 3 నిమిషాలు పెడల్ తొక్కి ఉంచితే ఆ బేరింగ్ బరువు మోస్తూ 2,400 సార్లు తిరిగినట్టు. ఏ ఉపయోగమూ లేని తిరుగుడు అది.

సగం తొక్కితే ప్లేటు పట్టీ పట్టనట్టు జారుతూ ఉంటుంది. రాపిడికి వేడి పుడుతుంది, మాడువాసన వస్తుంది, ప్లేటు అరుగుతుంది. దీన్నే హాఫ్ క్లచ్ అంటాం. బండి కదిలే రెండు మూడు సెకన్లు ఇది తప్పదు. అంతకు మించి ఉంచితే నష్టం.

"తొక్కి ఉంచితే ప్లేటు పోతుంది" అని చాలామంది అంటారు. సరిగ్గా చెప్పాలంటే పూర్తిగా తొక్కితే దెబ్బ బేరింగ్‌కు, సగం తొక్కితే దెబ్బ ప్లేటుకు. పూర్తిగా తొక్కామనుకుంటూనే అలసిపోయిన కాలు కొంచెం పైకి లేస్తే, తెలియకుండానే మొదటిది రెండోదిగా మారుతుంది.

టోల్‌గేటు దగ్గర, సిగ్నల్ దగ్గర

మన హైవే పాత 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు. జగ్గయ్యపేట వైపు చిల్లకల్లు, నందిగామ దాటాక విజయవాడ దారిలో కీసర దగ్గర టోల్‌గేట్లున్నాయి. ఫాస్టాగ్ వచ్చాక మామూలు రోజుల్లో ఆగడం తగ్గింది గానీ, సంక్రాంతి ముందు ఆ వరుసలు ఎంత పొడుగుంటాయో మనందరికీ తెలుసు.

ఆగేటప్పుడు వరుస ఇది. ముందు బ్రేకు తొక్కి వేగం తగ్గించాలి. ఇంజను వణకబోయే ముందు మాత్రమే క్లచ్ తొక్కాలి. బండి ఆగాక ఫస్ట్ గేరులో ఉంచి, అద్దంలో వెనక చూడాలి. వెనక వచ్చే బండి కూడా ఆగేదాకా బ్రేకు మీద కాలు తీయకూడదు, ఎందుకంటే బ్రేకు లైటు వెలిగేది ఆ పెడల్‌తోనే. హ్యాండ్‌బ్రేకు లాగితే వెనక లైటు వెలగదు. సిమెంటు లోడుతో వచ్చే లారీ డ్రైవరుకు రాత్రిపూట మన బండి ఆగిందని చెప్పేది ఆ ఎర్ర లైటే. వెనక బండి ఆగాక న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, క్లచ్ మీది కాలు తీసి కింద పెట్టాలి. నాలుగైదు సెకన్లలో కదిలే పని అయితే ఇదంతా అక్కర్లేదు. అంతకన్నా ఎక్కువ ఆగాలనిపిస్తే న్యూట్రలే మంచిది.

ఇందులో ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా ఉంది. గేరులో ఉంచి క్లచ్ తొక్కి కూర్చున్నప్పుడు చెప్పు జారినా, కాలు తిమ్మిరెక్కినా బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. సిగ్నల్ దగ్గర మన ముందు రోడ్డు దాటేది బడిపిల్లలు, వృద్ధులు. న్యూట్రల్‌లో ఉన్న బండి అలా దూకదు.

వరుస నత్తనడక నడుస్తుంటే, ముందు బండి అడుగు కదిలినప్పుడల్లా మనమూ అడుగు కదలనక్కర్లేదు. ఒకటి రెండు కార్ల ఖాళీ ఏర్పడనిచ్చి, ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా వదిలి, మెల్లగా సాగి మళ్లీ ఆగాలి. పది హాఫ్ క్లచ్‌లు రెండుకు తగ్గుతాయి. బండిలో విరిగిన కాలుతో రోగి గానీ, నొప్పులు పడుతున్న తల్లి గానీ ఉంటే, ఆ కుదుపులు తగ్గడమే పెద్ద మేలు.

ఎత్తు మీద ఆగితే

సాగర్ ఎడమ కాలువ వంతెనల మీదికి ఎక్కేచోట, విజయవాడలో 2020లో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేచోట బండి ఆగిందనుకోండి. చాలామంది బ్రేకు వదిలేసి, యాక్సిలరేటరూ హాఫ్ క్లచ్‌తో బండిని అక్కడే నిలబెడతారు. చూడ్డానికి నేర్పుగా కనిపిస్తుంది. కానీ ఆ సేపంతా బండి బరువును జారుతున్న క్లచ్ ప్లేటే మోస్తోంది. క్లచ్‌ను ఇంతకన్నా త్వరగా మాడ్చే పద్ధతి లేదు.

సరైన పద్ధతిలో బండిని ఆపేది హ్యాండ్‌బ్రేకు. కదిలేటప్పుడు ఫస్ట్ గేరు వేసి, కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి, క్లచ్‌ను పట్టు దొరికేదాకా వదలాలి. బండి ముందుభాగం కాస్త పైకి లేచినట్టు తెలుస్తుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించితే బండి వెనక్కి ఒక్క అంగుళం జారకుండా కదులుతుంది. ఇది మేము కనిపెట్టింది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 15వ నియమం డ్రైవింగ్ పరీక్ష గురించి చెబుతుంది. నిటారు ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించగలగాలన్నది అందులో ఒక అంశం.

దిగుడులో మాత్రం న్యూట్రల్ వద్దు

ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ మంచిదని చెప్పాం కదా అని, పల్లంలో నడుస్తున్న బండిని న్యూట్రల్ చేయకూడదు. గేరులో ఉంటే ఇంజను కూడా బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేస్తే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డీజిలు ఆదా అవుతుందన్న మాట కూడా ఇప్పటి బండ్లకు వర్తించదు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనం దానంతటదే ఆగిపోయే ఏర్పాటు వాటిలో ఉంది.

జబ్బు గుర్తులు

పై గేరులో యాక్సిలరేటరు తొక్కితే ఇంజను రొద పెరిగి, వేగం పెరగకపోతే ప్లేటు జారుతోందని అర్థం. పెడల్ దాదాపు పూర్తిగా పైకి వచ్చాక గానీ బండి కదలకపోతే ప్లేటు అరిగిందని అనుమానించాలి. పెడల్ తొక్కినప్పుడు గరగరమని చప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్ చూపించాలి. ఆ బేరింగ్ చిన్నదే గానీ, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. అందుకే మెకానిక్‌లు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిపి సెట్టుగా మార్చమంటారు. ఆ మాట సబబే. లేకపోతే అదే కూలి రెండుసార్లు కట్టాలి.

నడుస్తున్నప్పుడు ఎడమ కాలు పెడల్ మీద ఆనించి ఉంచే అలవాటు కూడా మానాలి. చెప్పు బరువు చాలు, బేరింగ్ అనవసరంగా తిరగడానికి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలు క్లచ్ పెడల్ లేని బండ్లు కొంటున్నారు. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో మొదలైన ఏఎంటీ రకంలో పెడల్ లేకపోయినా లోపల క్లచ్ ప్లేటు ఉంది. ఎత్తు మీద యాక్సిలరేటరుతో నిలబెడితే అదీ మాడుతుంది. బ్రేకుతోనే ఆపాలి.

దాతలకు మనవి

ఒక యువకుడికి డ్రైవింగ్ స్కూలు ఫీజు కట్టేటప్పుడు, లైసెన్సు వచ్చిందా అని మాత్రమే అడగకండి. ఎత్తు మీద బండి ఆపి కదిలించమనండి. ఆగినప్పుడు అతని ఎడమ కాలు ఎక్కడుందో చూడండి. ఓనరు బండి నడిపే కుర్రాడికి క్లచ్ తరచూ పోతే పోయేది ఓనరు డబ్బే కాదు, కుర్రాడి పని కూడా. పని నిలిస్తే మళ్లీ సాయం కోసం చేయి చాచాల్సిన అవసరం రాదు.

దానంగా వచ్చిన బండి డ్రైవరు చేతిలో అమానత్. దాని క్లచ్‌కు పెట్టే ప్రతి రూపాయీ ఒక రోగి ప్రయాణానికి తగ్గే రూపాయి. సొంత బండి నడిపే మీ ఇంటి పిల్లలకు కూడా ఈ పాఠం చదివి వినిపించండి.