కనబడకుండా పోయే చుక్క

“నా కళ్లారా చూశాను” అన్నామంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదని మన నమ్మకం. కాని కన్ను చూడని చోటును కూడా చూసినట్లే మనకు అనిపిస్తుంది. దీనిని ఇంట్లోనే ఒక చిన్న బొమ్మతో తెలుసుకోవచ్చు. పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టుకోండి.

ఒక పాత శుభలేఖ తీసుకొని, వెనుక తెల్లగా ఉన్న వైపు ఎడమ పక్కన పెన్నుతో కూడిక గుర్తు వేయండి. దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో, అదే వరుసలో, కందిగింజంత నల్లని చుక్క పెట్టండి. ఎడమ కన్నును అరచేతితో మూయండి, నొక్కవద్దు. కార్డును చేయి చాచి పట్టుకొని, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ మెల్లగా దగ్గరకు తీసుకురండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరకు తెస్తే తిరిగి కనిపిస్తుంది. మొదటిసారి చాలామందికి కుదరదు, ఎందుకంటే కన్ను మనకు తెలియకుండానే చుక్కవైపు దొంగచూపు చూస్తుంది.

చుక్క మాయమైందని ఎవరూ భయపడనక్కరలేదు. అందరి కళ్లూ ఇంతే. కంటి లోపలి తెర నుండి సుమారు 10 లక్షల నరపు పోగులు ఒకచోట కట్టగా చేరి మెదడుకు వెళ్తాయి. అవి బయటికి వెళ్లే ఆ జాగాలో వెలుగును పట్టే కణాలు లేవు. బడి పుస్తకాల్లో దీనిని అంధచుక్క అంటారు. ఫ్రాన్సు దేశపు మతగురువు, శాస్త్రవేత్త అయిన ఎడ్మ్ మారియట్ 1660ల్లో దీనిని కనిపెట్టి లోకానికి తెలియజేశారు.

ఇప్పుడు రెండో బొమ్మ. మరో కార్డు మీద చుక్కకు బదులు పైనుండి కిందికి ఒక నిలువు గీత గీయండి. కూడిక గుర్తుకు ఎదురుగా వచ్చేచోట మాత్రం గీతలో 1 సెంటీమీటరు ఖాళీ వదలండి. మునుపటిలాగే చూడండి. ఖాళీ పోయి, గీత తెగకుండా నిండుగా కనిపిస్తుంది! అక్కడ గీత లేదు, అక్కడ మీ కంటికి చూపూ లేదు. చుట్టుపక్కల ఉన్నదానిని బట్టి మెదడే పూరించింది.

మేము ఈ ఆటను ఇంతగా వివరించడానికి కారణం నీటికాసుల జబ్బు. చాలామందిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి, కొందరిలో ఒత్తిడి మామూలుగా ఉండగానే, ఆ నరపు పోగులు కొద్దికొద్దిగా చనిపోతాయి. సాధారణంగా పక్కచూపులో అక్కడక్కడ ఖాళీలు ఏర్పడతాయి. అవి నల్లగా కనిపించవు. గీతను పూరించినట్లే మెదడు వాటినీ పూరిస్తుంది. ఒక కంటి లోపాన్ని రెండో కన్ను కప్పేస్తుంది. అందుకే గోడమీది అక్షరాలన్నీ చదివినవారు కూడా గుమ్మానికి భుజం తగిలించుకొంటూ, “వయసు మీద పడింది డాక్టరుగారూ” అంటారు. శుక్లం అయితే ఆపరేషనుతో చూపు తిరిగి వస్తుంది, నీటికాసుల్లో పోయిన చూపు రాదు. ఉన్నది నిలుపుకోవడానికే మందు. “చుక్కలు వేసినా చూపు పెరగలేదు” అని మానేసేవారు ఈ మాట దయచేసి గుర్తుంచుకోవాలి.

పై బొమ్మలతో ఈ జబ్బు బయటపడదు. దానికి కంటి ఒత్తిడి కొలవాలి, నరం మొదలును చూడాలి, చూపు విస్తీర్ణం పరీక్షించాలి. ఈ చివరి పరీక్షలో గిన్నెలాంటి యంత్రంలోకి చూస్తూ, వెలుగు కనిపించినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. చాలా యంత్రాలు మధ్యమధ్యలో మీ అంధచుక్క ఉండే చోటున వెలుగు చూపిస్తాయి. అప్పుడు నొక్కితే మీ చూపు పక్కకు జరిగిందని తెలిసిపోతుంది.

40 ఏళ్లు దాటినవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులు ఉన్నవారు, స్టెరాయిడ్ చుక్కలు చాలాకాలం వాడినవారు ఈ పరీక్షలు చేయించుకోవాలి. వచ్చేటప్పుడు వాడుతున్న మందుల సీసాలు తెచ్చుకోండి. కంటిపాప పెద్దది కావడానికి మందు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపవద్దు, ఇంటినుండి ఒకరిని తోడు తీసుకురండి.