ప్రశ్నలు - జవాబులు: అర్థం కాకపోయినా తల ఊపుతున్నాను

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాకుళం జిల్లా. ఐటీఐ ఫిట్టర్ చేశాను. మూడు నెలల కిందట భిలాయిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. యంత్రాల మోతలో వాళ్ళ హిందీ సగమే తెలుస్తుంది. అర్థం కాకపోయినా తల ఊపేస్తున్నాను. నైట్ షిఫ్ట్ చేసి వస్తే పగలు నిద్ర పట్టదు. డ్యూటీ టైము దగ్గరపడుతుంటే కడుపులో తిప్పుతుంది. నాన్న అప్పు చేసి చదివించారు. మానేస్తానని ఆయనకెలా చెప్పను?
- ఒక పాఠకుడు, భిలాయి

జవాబు: తమ్ముడూ, తల ఊపుతున్నానన్న మాట దగ్గర ఆగిపోయాను. క్రేన్ల కింద, కాలిన ఇనుము పక్కన పనిచేసే చోట ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. రేపటి నుంచి చెప్పిన పనిని నీకొచ్చిన హిందీలోనే తిరిగి అప్పజెప్పు. 'పహలే స్విచ్ బంద్, ఫిర్ గార్డ్ ఖోల్‌నా, ఠీక్ హై?' వ్యాకరణం తప్పినా ఫరవాలేదు, తప్పు విని ఉంటే అక్కడికక్కడే తేలిపోతుంది. అడిగితే చేతకానివాడనుకుంటారని నీ భయం. కొత్త కుర్రాడు ఏమీ అడగకపోతేనే మంచి మేస్త్రీకి గుబులు.

నువ్వున్న ఊరే అలా నేర్చుకుంది. 1955లో అక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక వచ్చిన ఇంజినీర్లకు హిందీ రాదు, మనవాళ్ళకు రష్యన్ రాదు. దుబాసీల సాయంతో, ఒకటికి రెండుసార్లు అడుగుతూ పని సాగించారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ ఉక్కు పనికి మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలు, మనవలు ఇప్పటికీ అక్కడున్నారు. సెలవు రోజున సెక్టార్ 5 బాలాజీ గుడికి వెళ్ళు. తెలుగులో పలకరించు. నీలాగే మొదటి ఏడాది నలిగిపోయిన పెద్దాయన ఒకరైనా తగులుతారు. మూడు నెలలుగా మనసులో మాట తెలుగులో ఎవరితోనూ చెప్పుకోలేదు కదా, ఆ బరువు కూడా చిన్నది కాదు.

నిద్రకు: షిఫ్ట్ రెండో సగంలో టీ మానెయ్యి. తాగిన కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. గదికి రాగానే ఫోన్ పట్టుకోకుండా ఇంత తిని పడుకో. కిటికీకి మందపాటి నల్లగుడ్డ కట్టు. ఆ వేళకి ఫోన్ చెయ్యొద్దని అమ్మకు ముందే చెప్పు.

ఇవన్నీ చేసినా రెండు వారాల్లో కడుపులో తిప్పడం తగ్గకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలనిపించకపోతే మాత్రం రెండు వారాలు కాదు, ఆ నిమిషమే చెయ్యి.

ఇక నాన్న సంగతి. మానేస్తానని చెప్పడం వేరు, కష్టంగా ఉందని చెప్పడం వేరు. రెండోది ఈ రాత్రే చెప్పు. నీ కోసం అప్పు చేసిన మనిషికి నీ కష్టం వినే ఓపిక కూడా ఉంటుంది. ఆరు నెలలు నిండేదాకా చూడమంటాను. హెల్మెట్, బూట్లు, గ్లవ్స్ ఇవ్వకుండా పని చేయిస్తుంటే మాత్రం అంతదాకా ఆగకు, వచ్చెయ్యి. ఫిట్టర్‌కు విశాఖలోనూ పని దొరుకుతుంది.