పసుపు శుద్ధి ప్రాజెక్టులలో నాణ్యతా ప్రణాళిక: విశ్లేషణ పద్ధతుల ఎంపిక

సారాంశం

నాణ్యతా ప్రణాళికకు వ్యయ-ప్రయోజన విశ్లేషణ, ప్రవాహ చిత్రం, కారణ-ఫలిత చిత్రం, ప్రయోగ రూపకల్పన, నియంత్రణ పటం, నమూనా తనిఖీ వంటి పద్ధతులు అందుబాటులో ఉన్నాయి. చిన్న ప్రాజెక్టులలో వీటన్నింటినీ అమలు చేయడానికి నిధులు గాని, సిబ్బంది గాని చాలరు. ఏ ప్రశ్నకు సమాధానం కావాలో ముందుగా నిర్ణయించుకొని, దానికి తగిన పద్ధతిని మాత్రమే ఎంచుకోవాలన్న సూత్రాన్ని ఈ వ్యాసం కడప జిల్లా పసుపు సాగు నేపథ్యంలో వివరిస్తుంది.

కీలక పదాలు: నాణ్యతా ప్రణాళిక, పసుపు, ప్రయోగ రూపకల్పన, నమూనా తనిఖీ, నాణ్యతా వ్యయం

ఉపోద్ఘాతం

కడప జిల్లాకు పసుపు సాగులో ప్రత్యేక స్థానం ఉంది. మైదుకూరు, టేకూరుపేట అనే ఊళ్ల పేర్లే పసుపు రకాల పేర్లుగా స్థిరపడ్డాయి. సుమారు తొమ్మిది నెలలు పెంచిన పంట విలువ, తవ్విన తరువాతి మూడు వారాలలో జరిగే శుద్ధిపై ఎంతగానో ఆధారపడుతుంది. ఉడకబెట్టడంలోనో, ఆరబెట్టడంలోనో జరిగిన లోపం మార్కెట్ యార్డులో ధర కోతగా బయటపడుతుంది. ఆ దశలో దానిని సరిదిద్దే అవకాశం రైతుకు ఉండదు. కాబట్టి శుద్ధి ప్రాజెక్టులో నాణ్యతను చివరి తనిఖీకి వదలక, ప్రారంభంలోనే ప్రణాళికలో చేర్చాలి.

పెన్నా పరివాహకంలోని వల్లూరు మండలంలో వంద బస్తాల ఎండు పసుపును ఉమ్మడిగా శుద్ధి చేసి విక్రయించదలచిన ఒక రైతు బృందాన్ని నమూనాగా ఊహించుకుందాం. ఈ వ్యాసంలోని ధరలు, ఖర్చులు, నష్టాల అంకెలు గణన విధానాన్ని చూపడానికి ఊహించినవే గాని క్షేత్ర ఫలితాలు కావు.

నాణ్యతా లక్షణాల నిర్ణయం

పద్ధతిని ఎంచుకునే ముందు దేనిని కొలవాలో తేల్చుకోవాలి. భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పసుపు కొమ్ములలో తేమ 12 శాతానికి, పసుపు పొడిలో 10 శాతానికి మించరాదు. పొడిలో కుర్కుమినాయిడ్లు కనీసం 2 శాతం ఉండాలి. లెడ్ క్రోమేట్ పరీక్షలో ఫలితం ప్రతికూలంగా రావాలి.

ఈ మూడు లక్షణాల స్వభావం ఒకటి కాదు. తేమను కళ్ళంలోనే మీటరుతో కొలవవచ్చు. బాగా ఎండిన కొమ్మును విరిస్తే వచ్చే లోహపు చప్పుడు అనుభవజ్ఞులైన రైతులకు చక్కని గుర్తు. కుర్కుమినాయిడ్లను తేల్చడానికి ప్రయోగశాల కావాలి. దానికి ఖర్చు, జాప్యం రెండూ ఉంటాయి. లెడ్ క్రోమేట్ శుద్ధిలో సహజంగా ఏర్పడేది కాదు, రంగు కోసం కలిపితే వచ్చేది. అందువల్ల మొదటిదానికి నిరంతర కొలత, రెండవదానికి ముందస్తు ప్రయోగం, మూడవదానికి నిషేధం, సరకు నిర్వహణపై కట్టుదిట్టమైన పర్యవేక్షణ తగినవి.

ప్రశ్నను బట్టి పద్ధతి

1. లోపం ఏ దశలో పుడుతోంది? ఈ ప్రశ్నకు ప్రవాహ చిత్రం సరిపోతుంది. తవ్వడం, దుంపలను వేరుచేయడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మెరుగు పెట్టడం, బస్తాలకెత్తడం అనే దశలను వరుసగా గీసి, ప్రతి దశ వద్ద పాటించవలసిన నియమాన్ని రాయాలి. తవ్విన రెండు మూడు రోజులలో ఉడకబెట్టడం, కొమ్ములను, తల్లి దుంపలను విడివిడిగా ఉడికించడం, ఆరబెట్టిన సరకును రాత్రి వేళ కుప్ప చేసి కప్పడం ఇలాంటి నియమాలు. దీనికి కాగితం, రైతులతో ఒక పూట చర్చ తప్ప వేరే ఖర్చు లేదు. కాబట్టి ప్రతి ప్రాజెక్టు దీనితోనే ప్రారంభం కావాలి.

2. లోపానికి కారణాలేమిటి? ఇషికావా రూపొందించిన కారణ-ఫలిత చిత్రం అనుమానిత కారణాలను ఒకచోట చేరుస్తుంది. రంగు తగ్గితే అది రకం వల్లనా, అతిగా ఉడకడం వల్లనా, దుంపల పరిమాణంలోని తేడాల వల్లనా అన్న చర్చకు ఇది వేదిక. ఈ చిత్రం అనుమానాలను నమోదు చేస్తుంది గాని నిర్ధారించదు. చిత్రం గీసి కారణం తెలిసిపోయిందని భావించడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు.

3. ఏ కారణం ఎంత ప్రభావం చూపుతోంది? ఇందుకు ప్రయోగ రూపకల్పన అవసరం. ఈ పద్ధతి వ్యవసాయ పరిశోధనలోనే పుట్టింది. రోథమ్‌స్టెడ్ కేంద్రంలో ఫిషర్ చేసిన కృషి ఫలితంగా 1935లో వెలువడిన గ్రంథం తరువాత ఇది పరిశ్రమలకు విస్తరించింది. అందువల్ల పారిశ్రామిక నాణ్యతా శాస్త్రంలోని ఈ భాగం వ్యవసాయ శాస్త్రవేత్తలకు పరాయిది కాదు.

4. ప్రక్రియ నిలకడగా సాగుతోందా? 1924లో షూహార్ట్ ప్రతిపాదించిన నియంత్రణ పటం దీనికి సమాధానం.

5. చేతిలో ఉన్న సరకును పంపవచ్చునా? దీనికి నమూనా తనిఖీ ఉంది.

6. ఈ ఏర్పాట్లకు పెట్టే ఖర్చు గిట్టుబాటవుతుందా? దీనికి నాణ్యతా వ్యయ విశ్లేషణ ఉంది.

ప్రయోగ రూపకల్పన: ఒక ఉదాహరణ

పసుపును సాధారణంగా 45 నుండి 60 నిమిషాలు, నురుగు వచ్చి ప్రత్యేకమైన వాసనతో తెల్లని ఆవిరి వెలువడే వరకు ఉడకబెడతారు. అతిగా ఉడికితే రంగు చెడుతుంది, తక్కువగా ఉడికితే ఎండిన కొమ్ము పెళుసవుతుంది. ఉడికే కాలం (45, 60, 75 నిమిషాలు), ఆరబెట్టే తావు (సిమెంటు కళ్ళం, టార్పాలిన్ పట్ట) అనే రెండు అంశాలను కలిపితే ఆరు చర్యలు ఏర్పడతాయి. ఒకే పొలంలో ఒకే రోజు తవ్విన దుంపలను ఒక ఖండంగా తీసుకొని, మూడు ఖండాలలో యాదృచ్ఛిక ఖండ పద్ధతిని పాటిస్తే 18 ప్రయోగ యూనిట్లు అవుతాయి. మొత్తం 17 స్వతంత్రాంకాలలో చర్యలకు 5, ఖండాలకు 2 పోగా, దోషానికి 10 మిగులుతాయి.

ఇక్కడ ప్రతి యూనిట్‌ను విడిగా ఉడికించి, విడిగా ఆరబెట్టాలి. ఒకే కడాయి నుండి తీసిన మూడు నమూనాలు మూడు పునరావృతాలు కావు. అవి ఒకే ఉడుకుకు చెందిన మూడు కొలతలు మాత్రమే. వాటిని పునరావృతాలుగా లెక్కిస్తే దోషం అసలుకన్నా తక్కువగా కనిపించి, లేని తేడా ఉన్నట్లు తేలే ప్రమాదం ఉంది. ఆ ఫలితాన్ని సిఫారసుగా అందిస్తే నష్టపోయేది రైతే.

నమూనా తనిఖీ పరిమితులు

చివర్లో కొన్ని బస్తాలు చూస్తే చాలునన్న నమ్మకం విస్తృతంగా ఉంది. వంద బస్తాలలో పదింటిలో తేమ అధికంగా ఉందనుకుందాం. యాదృచ్ఛికంగా ఐదు బస్తాలు పరీక్షిస్తే వాటిలో ఒక్క చెడ్డ బస్తా కూడా పడకపోయే సంభావ్యత సుమారు 58 శాతం. అంటే లోపమున్న సరకు బాగున్నదని తేలే అవకాశమే ఎక్కువ. ఇరవై బస్తాలు పరీక్షిస్తే ఈ సంభావ్యత దాదాపు 9.5 శాతానికి తగ్గుతుంది. అప్పటికీ పూర్తి భరోసా రాదు, శ్రమ మాత్రం నాలుగింతలవుతుంది. పైగా తనిఖీ చెడ్డ బస్తాను పట్టుకోగలదే గాని బాగుచేయలేదు.

దీనికి బదులు ఆరబెట్టే దశలోనే ప్రతి రోజూ ఐదు చోట్ల తేమను కొలిచి, ముగింపు దశలోని విలువలతో నియంత్రణ పటం గీయవచ్చు. అనేక దఫాల సరకులో సగటు తేమ 9.0, సగటు వ్యాప్తి 1.2 అయితే, ఐదు కొలతల నమూనాకు వర్తించే 0.577 గుణకంతో సగటు పటం అవధులు సుమారు 8.31, 9.69గా వస్తాయి. ఈ అవధులు ప్రమాణంలోని 12 శాతం పరిమితితో సమానం కావు. ఒక దఫా సగటు 10.4 వస్తే సరకు ప్రమాణానికి లోబడే ఉంటుంది. కాని ప్రక్రియలో ఏదో మారిందని పటం హెచ్చరిస్తుంది. మబ్బు పట్టిందా, పొర మందంగా పరిచారా అని చూసుకోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.

నాణ్యతా వ్యయం

నాణ్యతకు సంబంధించిన ఖర్చును నివారణ, మదింపు, అంతర్గత వైఫల్యం, బాహ్య వైఫల్యం అని నాలుగుగా విభజిస్తారు. పై బృందానికి వంద క్వింటాళ్లలో 25 క్వింటాళ్లపై క్వింటాలుకు రూ. 800 చొప్పున ధర కోత పడిందనుకుంటే బాహ్య వైఫల్య వ్యయం రూ. 20,000. తడిసిన సరకును తిరిగి ఆరబెట్టిన కూలి రూ. 5,000 అంతర్గత వైఫల్యం. మొత్తం రూ. 25,000. మూడేళ్లు మన్నే టార్పాలిన్ పట్టలకు రూ. 12,000 వెచ్చిస్తే ఏడాదికి పడే నివారణ వ్యయం రూ. 4,000. అంటే వైఫల్య నష్టంలో 16 శాతం తగ్గినా పట్టల ఖర్చు తిరిగి వస్తుంది. నష్టం సగానికి తగ్గితే ఏటా రూ. 8,500 మిగులుతుంది. రైతులకు గణాంక పటాలకన్నా ఈ లెక్క త్వరగా అర్థమవుతుంది. కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు చర్చను దీనితో ప్రారంభించడం మేలు.

ఇతర పంటలకు అన్వయం

పంట మారితే ప్రశ్న మారుతుంది, దానితో పద్ధతీ మారుతుంది. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి నేలల శనగలో నిల్వ పురుగు ప్రధాన సమస్య. అక్కడ నిల్వ కాలమంతటా నిర్ణీత వ్యవధులలో నమూనా తనిఖీకి ప్రాధాన్యం ఉంటుంది. పులివెందుల ప్రాంతపు చీనీ, అరటి తాజాగా అమ్ముడయ్యే పంటలు. ప్రయోగశాల ఫలితం కోసం కాయ ఆగదు. అక్కడ కోత నుండి లారీ వరకు ప్రవాహ చిత్రం, ప్రతి దశలో దెబ్బతిన్న కాయల లెక్క ఎక్కువ ఉపయోగపడతాయి.

ముగింపు

విశ్లేషణ పద్ధతిని దాని ప్రసిద్ధిని బట్టిగాక మూడు అంశాలను బట్టి ఎంచుకోవాలి: నాణ్యతా లక్షణాన్ని ఎంత త్వరగా కొలవగలం, లోపానికి కారణం తెలుసా, లోపం బయటపడే నాటికి సరిదిద్దే అవకాశం మిగిలి ఉంటుందా. పసుపు శుద్ధిలో మూడవ ప్రశ్నయే నిర్ణాయకం. బస్తా కుట్టిన తరువాత తెలిసే లోపం రైతుకు నష్టమే అవుతుంది, కళ్ళంలో ఉండగా తెలిస్తే దానిని సరిచేసుకోవచ్చు. అందుచేత పరిమిత నిధులున్న ప్రాజెక్టు ముందుగా ప్రవాహ చిత్రం, నాణ్యతా వ్యయ గణన చేపట్టి, ఆరబెట్టే దశలో తేమ పటాన్ని అమలు చేయాలి. ప్రయోగ రూపకల్పనను పరిశోధన స్థానం సహకారంతో ఒక సీజన్‌లో పూర్తి చేసి, దాని ఫలితాన్ని తరువాతి సంవత్సరాల నియమావళిలో చేర్చాలి. తుది తనిఖీ ఈ ఏర్పాట్లకు తోడుగా ఉండాలే గాని వాటికి ప్రత్యామ్నాయం కారాదు.