ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు

ప్రశ్న: పాడేరు దగ్గర మాకు కాఫీ తోట ఉంది. డీజిల్ ఎస్‌యూవీలో వెళ్లొస్తుంటాను. స్విచ్ తిప్పితే ఫోర్ బై ఫోర్ పడే బండి. ఒక్కోరోజు వెంటనే పడుతుంది, ఒక్కోరోజు లైటు కొట్టుకుంటూనే ఉంటుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం చక్కగా పనిచేస్తుంది. షిఫ్ట్ మోటారు మార్చమంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: అప్పుడే మార్చకండి. తడికి వచ్చి ఆరితే పోయే లోపం మోటారులో కన్నా కనెక్టర్లలో, వైర్లలో ఉండే అవకాశమే ఎక్కువ. ఖరీదైన భాగం జోలికి చివరగా వెళ్దాం.

ఈసారి లైటు కొట్టుకుంటున్నప్పుడు బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, స్విచ్ మళ్లీ తిప్పి వినండి. గేర్‌బాక్సు వైపు నుంచి మోటారు తిరిగిన చప్పుడు రాకపోతే ఫ్యూజు, వైరింగు, స్విచ్, మోటారు చూడాలి. చప్పుడు వచ్చినా లైటు నిలవకపోతే ముందు ఇరుసు వైపు అనుమానించాలి.

ట్రాన్స్‌ఫర్ కేసు మీది మోటారు ప్లగ్గు ఊడదీయించి పిన్నులు చూడండి. పచ్చటి చిలుము గానీ బురదనీటి చార గానీ కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగించి, ఆరాక బిగించమనండి. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు తుప్పు కూడా గీకించండి. బ్యాటరీనీ వదలొద్దు. రాత్రంతా ఆగిన బండిలో సుమారు 12.6 వోల్టులు ఉండాలి.

చాలా బళ్లలో ముందు ఇరుసునో హబ్బులనో లాక్ చేసేది సన్నటి రబ్బరు గొట్టాల్లోని వాక్యూమే. మీదీ ఆ రకమైతే, ఇంజిన్ నడుస్తూ ఫోర్ బై ఫోర్‌లో ఉండగా గొట్టం చివర వేలు పెడితే లోపలికి పీల్చాలి. పీల్చకపోతే ఎక్కడో పగిలిందనో, వాల్వు పనిచేయడం లేదనో అర్థం.

స్విచ్ తిప్పిన క్షణంలో ప్లగ్గు దాకా కరెంటు వస్తున్నా మోటారు కదలకపోతే, అప్పుడు మార్చండి. బ్యాటరీ తీగలు ఊడదీసే ముందే, ఫోర్ బై ఫోర్ యూనిట్‌ను కూడా చదవగల స్కానర్‌తో కోడ్‌లు రాయించుకోండి. అంతవరకు బురదలో దిగకముందే ఫోర్ బై ఫోర్ వేసి, లైటు నిలకడగా వెలిగాకే ముందుకెళ్లండి. ఘాట్‌లో మధ్యలో ఆగిపోతే మీకూ ప్రమాదం, వెనకొచ్చేవాళ్లకూ ప్రమాదం.

ప్రశ్న: తారురోడ్డెక్కి టూ వీల్‌కు తిప్పినా లైటు ఆరడం లేదు. ఇదీ లోపమేనా?
– ఒక పాఠకురాలు, అరకు

జవాబు: చాలాసార్లు కాదమ్మా. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టిలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద జారదు కాబట్టి గేర్లు బిగుసుకుంటాయి. వెనకా ముందూ చూసుకుని కొన్ని మీటర్లు రివర్సులో తిన్నగా పోనిస్తే సాధారణంగా వదులుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజులో, ఒకేలా అరిగి ఉన్నాయో లేదో చూడండి. పొడి రోడ్డు మీద మాత్రం ఫోర్ బై ఫోర్ వేయకండి.