మసకబారిన మోటారు దీపములు: ఇంటియొద్దనే బాగుచేసికొను విధము

టమాటా కోతల దినములలో కురబలకోట చుట్టుపట్ల గ్రామముల నుండి బండ్లు చీకటితోనే కదలును. సాయంకాలము కోసి ట్రేలకెత్తిన కాయ, తెల్లవారునప్పటికి అంగళ్లకో మదనపల్లె మార్కెట్టు యార్డుకో చేరవలెను. ఆలస్యమైన కొలది కాయ మెత్తబడును, ధర జారును. కాబట్టి మన సభ్యులలో పికప్పు బండ్లుగలవారికి రాత్రి ప్రయాణము తప్పనిది. ఆ త్రోవలో దీపములేని ఎద్దుబండి యుండవచ్చును. వెనుక ఎర్రదీపము లేక వేరుసెనగకట్టె వేసికొని పోవు ట్రాక్టరు ట్రాలీ యుండవచ్చును. వెచ్చదనమునకు తారురోడ్డుపై పండుకొన్న పశువు ఉండవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో సుమారు 17 మీటర్లు సాగును. డ్రైవరు అడ్డమును చూచి కాలు బ్రేకుపై మోపునప్పటికే అంత దూరము గడచిపోవును. బరువు బండి నిలుచుటకు ఆపైన మరికొంత దూరము కావలెను. ఇట్టి స్థితిలో ముందు దీపము ఎంత దూరము చూపుచున్నదనునది ప్రాణములకు సంబంధించిన మాట.

అయినను మన యూళ్లలో నాలుగైదేండ్లు నడచిన బండ్లను చూడుడు. ఇంజను ఆయిలు వేళకు మార్తురు, టైర్లు మార్తురు. దీపపు మూత మాత్రము పాతనేతివలె పసుపుబారి, పొగపట్టిన చిమ్నీవలె మసకబారి యుండును. అమెరికాలోని ఏ.ఏ.ఏ. అను మోటారుదారుల సంఘము 2018లో ఇట్టి దీపములను పరీక్షింపగా, మసకబారిన దీపము క్రొత్తదానియందలి వెలుతురులో సుమారు ఐదవవంతు మాత్రమే ఇచ్చుచున్నదని తేలెను. శుభ్రపరచి మరల పూతవేసిన దీపము సుమారు 70 వంతుల వరకు కోలుకొన్నది. పోయిన వెలుతురును మరల తెచ్చుటకు క్రొత్త దీపమే కొననక్కరలేదని దీనివలన గ్రహింపవలెను.

ఈ మసక ఏల కలుగును? పూర్వపు జీపులకును ట్రాక్టర్లకును ఉండిన మూతలు గాజువి, గాజు పసుపుబారదు. ఇప్పటి బండ్ల మూతలు పాలికార్బొనేటు అను ప్లాస్టికుతో చేయబడుచున్నవి. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్సు అను రసాయనజ్ఞులు ఒకరితో నొకరికి సంబంధము లేకయే దీనిని కనిపెట్టిరి. ఇది గాజులో సగము బరువైనను లేదు, రాయి తగిలినను సులభముగా పగులదు. దీని లోపమొక్కటే: ఎండలోని అతినీలలోహిత కిరణములు తగిలిన పసుపుబారును. అందుకొరకే ఫ్యాక్టరీలో దానిపై తలవెండ్రుకకంటె మిక్కిలి పలుచని రక్షణపూత వేయుదురు. ఎండ, దుమ్ము, చిన్నరాళ్లు ఆ పూతను క్రమముగా తినివేయును. మన సీమ ఎండకు ఈ పని త్వరగా జరుగును. పూత పొలుసులుగా లేచినపిమ్మట అడుగు ప్లాస్టికు ఎండకు చిక్కును.

ఈ సంగతి తెలియక మేమును మోసపోతిమి. పెండ్లి ప్రయాణమొకటి యుండగా మా బండి దీపములను టూత్‌పేస్టుతో రుద్ది, అద్దములవలె మెరిసినవని సంతోషించితిమి. రెండు నెలల ఎండ గడచునప్పటికి మునుపటికంటె ఎక్కువగా పసుపెక్కినవి. కారణము సులభము. టూత్‌పేస్టులోని గరుకు మసకతోబాటు మిగిలిన కాస్త రక్షణపూతను గూడ గీకివేసినది. మేము దానికి బదులు ఏమియు వేయలేదు. రుద్దుట ఈ పనిలో సగమే. రెండవ సగము మరల పూతవేయుట. రెండవది చేయ ఓపికలేనివారు మొదటిది చేయకుండుటయే మేలని మా అభిప్రాయము. దోమలకు పూసికొను మందు రాసినను, పెట్రోలుతోగాని థిన్నరుతోగాని తుడిచినను దీపము తెల్లబడునని కొందరు యువకులు చెప్పుచుందురు. అవి ప్లాస్టికునే కరగించి, సన్నని చీలికలు పుట్టించును. వానిని దరిచేరనీయరాదు.

పనికి ముందు మూతపై కొంచెము నీరు చల్లి చూడవలెను. తడిసినంతసేపు మూత తేటగా కనబడినచో మసక వెలుపలి ముఖమున నున్నదని అర్థము, అది బాగుపడును. తడిసినను మసకగానే యున్నచో లోపల తేమ చేరియుండవచ్చును, లేదా లోపలి వెండిపూత పాడైయుండవచ్చును, లేదా ప్లాస్టికే లోతుగా చిట్లియుండవచ్చును. పైన ఎంత రుద్దినను అట్టి దీపమునకు ఫలము లేదు.

బాగుపడునని తేలినచో మూతను సబ్బునీటితో కడిగి, చుట్టునున్న రంగుకు మాస్కింగు టేపు రెండు వరుసలు అంటింపవలెను. పెయింటర్లు వాటరుపేపరు అని పిలుచు ఉప్పుకాగితము కొనవలెను. దాని వెనుక అంకె యుండును. అంకె పెరిగినకొలది గరుకు తగ్గును. 800తో మొదలిడి, 1000, పిదప 1500 వాడవలెను. పూత పొలుసులుగా లేచియున్నచో 600తో మొదలిడవచ్చును. కాగితమును, మూతను ఎడతెగక నీటితో తడుపుచుండవలెను. పొడిగా రుద్దినచో లోతైన గీతలు పడును. మొదట పసుపురంగు నీరు దిగును. అది పాత పూత, చెడిన ప్లాస్టికు. నీరు తెల్లబడువరకు మొదటి కాగితమును విడువరాదు. ఇచ్చటనే చాలమంది తొందరపడుదురు. మొదటి కాగితముతో మిగిల్చిన పసుపును తరువాతి సన్నని కాగితములు తీయలేవు. ఒక కాగితముతో అడ్డముగా రుద్దినచో తరువాతిదానితో నిలువుగా రుద్దవలెను. అప్పుడు మునుపటి గీతలు పోయినవో లేదో కంటికి తెలియును.

ఈ దశలో మూత అంతయు పాలవలె తెల్లగా నుండును. చూచి భయపడవలదు. నీరు చల్లినప్పుడు ఎట్లు కనబడునో, లాకరు వేసినపిమ్మట అట్లే కనబడును. లాకరు గీతలలో నిండి వానిని మరుగుపరచును.

మూతను బాగుగా ఆరబెట్టి, ఐసోప్రొపైలు ఆల్కహాలుతో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, పిమ్మట వ్రేలు తగులనీయరాదు. హెడ్‌లైట్లకై అమ్ము, అతినీలలోహిత కిరణముల నాపు క్లియరు లాకరు డబ్బా తెచ్చి, గాలిలేని నీడలో రెండు మూడు పలుచని పూతలు వేయవలెను. పూతకును పూతకును నడుమ డబ్బాపై చెప్పినంతసేపు ఆగవలెను. ఒకేసారి మందముగా వేసినచో కారి మరకలగును. ఒక దినమైనను ఆరనీయవలెను. తలుపులకు వేయు వార్నీషు ఇందుకు పనికిరాదు. రెండు ద్రవములు కలిపి వేయు గట్టి లాకరు ఎక్కువ కాలము నిలుచునుగాని, దాని ఆవిరిలోని ఐసోసయనేటులు ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరములు. మామూలు ముసుగు వానిని ఆపజాలదు. ఆ పనిని తగిన సాధనములుగల పెయింటరుకే విడువవలెను.

లాకరు దొరకనివారు 2000, 3000 అంకెల కాగితములవరకు పోయి, పాలిషు కాంపౌండుతో మెరుగుపెట్టి, మైనము పూయవచ్చును. అది కొలది వారములే కాపాడును, తరచుగా పూయుచుండవలెను. లాకరు వేయదలచినవారు మాత్రము కాంపౌండు ముట్టరాదు. దాని జిడ్డుపై లాకరు పట్టదు.

వెలుతురు చాలదని 100 వాట్ల బల్బు వేయువారు కలరు. మసకమూత వెనుక పెద్దబల్బు పెట్టుట మంచులో పెద్దదివిటీ పట్టుటవంటిది: వెలుతురు ముందుకు పోక చెదరి, ఎదుటివాని కన్నులలో పడును. అంతేకాక 55, 60 వాట్లకు చేసిన తీగలు, హోల్డరు వేడెక్కి కరగును, లోపలి వెండిపూతయు మాడును. మూత బాగైన తరువాత మామూలు బల్బే చాలును.

పని ముగిసిన సాయంకాలము బండిని సమమైన నేలపై గోడకు 25 అడుగుల దూరమున నిలిపి, వెలుతురు ఎచ్చట పడుచున్నదో చూడవలెను. ఖాళీబండితో చూచి ఊరకుండరాదు. వెనుక ట్రేలు నిండినప్పుడు బండి ముక్కు పైకెత్తుకొనును. దీపములు రోడ్డును విడిచి చెట్లకొమ్మలను చూపును. చాలబండ్లలో స్టీరింగు దగ్గర దీపమును దించు చిన్న మీట యుండును. సరుకు ఎక్కించిన వెంటనే దానిని దించి, యార్డులో దింపుకొన్నపిమ్మట మరల ఎత్తవలెను.